రెండు ప్రశ్నల కొలబద్ద

చర్మవైద్యులు రోజూ వాడుతూ, ఒక్క నిమిషం ఆగి మెచ్చుకోని పనిముట్టు ఒకటుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు, ఖరీదు లేదు, అరిగిపోదు. రెండు ప్రశ్నలు, వాటి జవాబులకి తగ్గట్టు కొన్ని గళ్లు, అంతే. హార్వర్డ్‌లో చర్మవైద్య ఆచార్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ 1975లో తయారుచేసిన చర్మ రకాల పట్టిక అది. కాస్మెటిక్స్ షాపులో స్కిన్ టైప్ అంటే జిడ్డు చర్మమా, పొడి చర్మమా అన్న లెక్క. ఇది వేరే లెక్క. ఎండ తగిలితే మీ చర్మం ఏం చేస్తుందో చెప్పేది. ఇంత పొదుపుగా, ఇంత ఆలోచించి చేసిన పరికరం వైద్యంలో అరుదు. దాని పనితనం విప్పి చూస్తే మన చర్మం గురించీ, మన ఎండ గురించీ తెలిసేది చాలా ఉంది.

ముందు అది పుట్టిన అవసరం. 1970ల మొదట్లో బోస్టన్‌లో సోరియాసిస్‌కి కొత్త చికిత్స ఒకటి తయారవుతోంది. మెథాక్సలెన్ అనే మాత్ర మింగించి, మందు ఒంటికి పట్టాక రోగిని నిలువెత్తు దీపాల పెట్టెలో నిలబెడతారు. అతినీలలోహిత కిరణాల్లో యూవీఏ రకం ఒళ్లంతా పడుతుంది. ఆ వెలుతురు తగలగానే మందు కణాల డీఎన్‌ఏని పట్టుకుని, అదుపు లేకుండా పుట్టుకొస్తున్న చర్మకణాల జోరు తగ్గిస్తుంది. ఈ మెథాక్సలెన్‌కి దగ్గర చుట్టం మన బావంచాల గింజల్లో ఉంది. బొల్లి మచ్చలకి బావంచాలు పూసి ఎండ చూపించే వైద్యం మనదేశంలో ఎంతో పాతది. ఆ గింజల్లోంచి సోరాలిన్ అనే పదార్థాన్ని 1933లో జోయిస్, మంజునాథ్, వెంకటరావు విడదీశారు. బోస్టన్ చికిత్స ఫలితాలు 1974లో అచ్చయినప్పుడు ఆ వ్యాసం మీద ఉన్న నాలుగు పేర్లలో ఫిట్జ్‌పాట్రిక్‌తో పాటు మధు పాఠక్ అనే భారతీయ శాస్త్రవేత్త పేరూ ఉంది.

చిక్కు డోసు దగ్గర వచ్చింది. ఎవరికి ఎంత వెలుతురు ఇవ్వాలి? జుట్టు, కళ్లు ముదురు రంగులో ఉంటే ఎక్కువ తట్టుకుంటారని అందరూ అనుకునేవారు. అలా చూడ్డానికి గట్టిగా అనిపించిన కొందరు తెల్లజాతి రోగులకి చదరపు సెంటీమీటరుకి 4 నుంచి 6 జౌళ్ల వెలుతురు ఇచ్చారు. వాళ్లలో కొందరి చర్మం దారుణంగా కాలింది. జుట్టు నలుపు, కళ్లు గోధుమ రంగు, ఒళ్లు మాత్రం ఎండకి నిలవని రకం. పైకి కనిపించే రంగుని నమ్మి వైద్యం చేస్తే మనిషి కాలిపోతాడని తేలిపోయింది.

ఫిట్జ్‌పాట్రిక్ అప్పటికి రంగు మీదే పాతికేళ్లు పనిచేసిన మనిషి. 1919లో విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో పుట్టాడు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీలో టైరోసినేజ్ అనే ఎంజైము పాత్రని మనిషి చర్మంలో చూపించినవాళ్లలో ఒకడు. నలభై నిండకుండానే హార్వర్డ్‌లో చర్మవైద్య శాఖకి పెద్ద అయ్యాడు. రంగు రసాయనం అంత లోతుగా తెలిసినవాడు, డోసు నిర్ణయించాల్సి వచ్చేసరికి రంగుని పక్కనపెట్టాడు. ఆ పట్టికలో నాకు అన్నిటికంటే నచ్చిన పని ఇదే.

ఆయనకి ముందు చర్మాన్ని కొలవడమంటే రంగుని రంగుతో పోల్చడమే. ఆస్ట్రియాలో పుట్టిన ఫెలిక్స్ ఫాన్ లుషాన్ పేరుతో 36 రంగుగాజు బిళ్లల పెట్టె ఒకటుండేది. ఎండ తగలని చోట చర్మం పక్కన బిళ్ల పెట్టి, ఏది సరిపోతే ఆ నంబరు రాసుకునేవారు. ఒకే మనిషికి ఇద్దరు కొలిస్తే రెండు నంబర్లు వచ్చేవి. సరిగ్గా కొలిచినా ఆ నంబరు వైద్యుడికి పనికొచ్చే మాట ఒక్కటీ చెప్పదు. ముప్ఫై ఆరు గాజు బిళ్లలు చెయ్యలేని పనిని రెండు ప్రశ్నలు చేశాయి.

ఆ ప్రశ్నలు ఇలా ఉంటాయి. వేసవి మొదట్లో, ఆ ఏడాది మొదటిసారి, నడి మధ్యాహ్నపు ఎండలో ముప్పావుగంట నుంచి గంట సేపు ఉన్నారనుకోండి. ఇరవై నాలుగు గంటల తర్వాత చర్మం ఎంత మంటగా, నొప్పిగా ఉంటుంది? ఏడు రోజుల తర్వాత ఎంత నల్లబడుతుంది?

ఒక్కొక్క మాటనీ పట్టి చూడాలి. వేసవి మొదట్లో, మొదటిసారి అని ఎందుకు? చలికాలమంతా ఒంటినిండా బట్టలు కప్పుకున్నాక, పోయిన వేసవిలో పట్టిన నలుపంతా దిగిపోయి చర్మం దాని అసలు స్థితికి వస్తుంది. అప్పుడు తగిలిన ఎండకి అది ఇచ్చే జవాబులో పాత నలుపు సాయం కలవదు. నడి మధ్యాహ్నం అని ఎందుకు? సూర్యుడు పైనున్నప్పుడు కిరణాలు గాలిపొరని అడ్డంగా ఈదుకుంటూ రావు, తిన్నగా దిగుతాయి. పొద్దున ఎనిమిది గంటల ఎండనీ పన్నెండు గంటల ఎండనీ కలిపేసి అడిగితే జవాబుకి అర్థం ఉండదు.

ఇక ఆ ఇరవై నాలుగు గంటలు. ఎండలోంచి రాగానే ముఖం ఎర్రబడ్డం కమలడం కిందికి రాదు, అందులో సగం వేడికి ఉబ్బిన రక్తనాళాల పని. అసలు దెబ్బ యూవీబీ కిరణాలది. అది మూడు నాలుగు గంటలు ఆగి మొదలై, మర్నాటికి పూర్తిగా తేలుతుంది. సాయంత్రం అడిగితే వేడినీ కిరణాల దెబ్బనీ కలిపి చెబుతాడు మనిషి. మర్నాడు అడిగితే కిరణాల దెబ్బ ఒక్కటే మిగిలి ఉంటుంది.

ఏడు రోజుల లెక్క ఇంకా నేర్పుగా వేసింది. ఎండలో ఉండగానే చర్మం కాస్త నల్లబడుతుంది, అందరూ గమనించేదే. అది కొత్త రంగు మాత్రం కాదు, అప్పటికే ఉన్న మెలనిన్‌ని యూవీఏ ముదురు చేసిందంతే. చాలావరకు కొన్ని గంటల్లో వెనక్కి పోతుంది. కొత్త మెలనిన్ తయారై పైకి రావడానికి మూడు నుంచి అయిదు రోజులు పడుతుంది. వారం గడిచాక అడిగితే ఆ తాత్కాలికమైన నలుపు లెక్కలోకి రాదు. చర్మం తనని తాను కాపాడుకోవడానికి నిజంగా ఎంత రంగు తయారుచేసుకుందో అది ఒక్కటే తెలుస్తుంది. ఒక ప్రశ్న దెబ్బని అడుగుతుంది, రెండోది చర్మం చేసుకున్న మరమ్మతుని అడుగుతుంది. ఈ రెండూ వేర్వేరు శక్తులని ఫిట్జ్‌పాట్రిక్‌కి తెలుసు కనకనే ఒక్క ప్రశ్నతో సరిపెట్టలేదు.

మొదటి ప్రశ్నలో ఎరుపు ప్రస్తావన లేకుండా నొప్పినే అడగడం కూడా నాకు చాలా మంచి ఎంపికగా కనిపిస్తుంది. ఎరుపు అద్దంలో చూసి, పక్క చర్మంతో పోల్చి చెప్పాల్సిన విషయం. నొప్పి మనిషికి గుర్తుంటుంది. దుప్పటి తగిలినా భుజాలు భగ్గుమన్న రాత్రిని ఎవరూ మర్చిపోరు. కొలత తియ్యాల్సింది యంత్రంతోనే అనుకుంటే దానికీ ఒక పద్ధతి ఉంది. వీపు మీద చిన్న చిన్న కిటికీలు కత్తిరించిన గుడ్డ పరిచి, ఒక్కో కిటికీలో ఒక్కో డోసు వెలుతురు ఇచ్చి, ఎక్కడ ఎరుపు మొదలైందో మర్నాడు చూస్తారు. అది కచ్చితమైన పద్ధతే, కాని రోగి రెండుసార్లు రావాలి. అదే సమాచారాన్ని మనిషి జ్ఞాపకంలోంచి రెండు నిమిషాల్లో తీసుకుంది ఈ పట్టిక.

జవాబుల నుంచి గళ్లు వాటంతట అవే వస్తాయి. బాగా కాలి, వారానికి కూడా నల్లబడకపోతే ఒకటో రకం. బాగా కాలి, కొద్దిగా నల్లబడితే రెండు. కొంచెం చుర్రుమని, ఓ మాదిరిగా నల్లబడితే మూడు. నొప్పి లేకుండా నిండుగా నల్లబడితే నాలుగు. ఇవి పేరుకి గళ్లే గాని వాడకంలో డోసులు. ఆ చికిత్సలో ఒకటో రకానికి అర జౌలుతో మొదలుపెట్టి, రకానికి అర జౌలు చొప్పున పెంచుకుంటూ పోయే పద్ధతి తర్వాత స్థిరపడింది. ఇంతకుముందు చెప్పిన 4, 6 జౌళ్ల పక్కన అర జౌలుని పెట్టి చూడండి, ఆ రెండు ప్రశ్నలు ఎంతమంది చర్మాన్ని కాపాడాయో అర్థమవుతుంది.

ఈ పనితనంలో ఒక లోటుంది. అది సరిగ్గా మన దగ్గరే ఉంది.

మొదటి పట్టిక తెల్లజాతి రోగుల కోసం చేసింది. గోధుమరంగు, నలుపు చర్మాలని తర్వాత చేర్చారు. అయిదో రకం గోధుమరంగు, ఆరో రకం నలుపు. ఈ రెండు గళ్లకీ వచ్చేసరికి ప్రశ్నలు మాయమై రంగు తిరిగొచ్చింది. నాలుగు గళ్ల దాకా చర్మం ఏం చేస్తుందని అడిగిన పట్టిక చివరి రెండు గళ్లలో చర్మం ఎలా కనిపిస్తుందని చూసింది. ఏ తప్పుని సరిదిద్దడానికి పుట్టిందో ఆ తప్పే చివర్లో చేసింది. ప్రపంచ జనాభాలో పెద్ద భాగాన్ని రెండు గళ్లలో సర్దడం నాకు కష్టంగానే ఉంటుంది. ఒకే ఇంట్లో, ఒకే ఛాయలో ఉన్న అక్కాచెల్లెళ్లలో ఒకరు తిరుమల మెట్లెక్కి వచ్చి రెండ్రోజుల్లో మామూలైపోతారు, రెండోవారి బుగ్గల మీద మచ్చ ఆర్నెల్లుంటుంది. పట్టిక ఇద్దరినీ అయిదు అంటుంది.

అదే పట్టిక మన ఫోన్లలోకీ వచ్చింది. బొటనవేలి ఎమోజీని నొక్కిపట్టుకుంటే, పసుపు పక్కన వరసగా అయిదు చర్మపు రంగులు వస్తాయి కదా. 2015లో యూనికోడ్ ఆ రంగుల్ని ఫిట్జ్‌పాట్రిక్ పట్టిక నుంచే తీసుకుంది, ఒకటినీ రెండునీ కలిపి. కోట్లమంది చేతుల్లోకి పోయిన ఆ గుర్తుల్లో రెండు ప్రశ్నలు లేవు, మిగిలింది రంగు ఒక్కటే. పెళ్లి సంబంధాల మొదలు ఉద్యోగాల దాకా మనిషిని ఛాయతో కొలిచే అలవాటున్న మనకి పట్టికలోని రంగు కంటే ప్రశ్నలే ఎక్కువ అవసరం.

అసలు గోధుమరంగు చర్మం లోపల జరిగే పని పట్టిక కంటే గొప్పది. దాన్ని అర్థం చేసుకోవడానికి దారి చూపినవాళ్లలోనూ ఫిట్జ్‌పాట్రిక్ ఉన్నాడు. పైచర్మం అడుగు వరసలో మెలనోసైట్లనే కణాలుంటాయి. ఒక్కొక్కటీ సన్నటి కొమ్మలు చాచి చుట్టూ ఉన్న దాదాపు 36 కణాలకి రంగు గింజల్ని అందిస్తుంది. తెల్లగా ఉన్నవారికీ నల్లగా ఉన్నవారికీ ఈ మెలనోసైట్ల సంఖ్యలో పెద్ద తేడా ఉండదు. తేడా గింజల్లో ఉంది. తెల్ల చర్మంలో అవి చిన్నవి, గుంపులుగా కట్టి ఉంటాయి. ముదురు చర్మంలో పెద్దవి, విడివిడిగా పరుచుకుంటాయి, కాబట్టి ఎక్కువ వెలుతురుని ఆపుతాయి. గింజలు కణంలోకి వచ్చాక ఎక్కడపడితే అక్కడ ఉండిపోవు. డీఎన్‌ఏ ఉన్న కేంద్రకానికి పైన, ఎండ వచ్చే వైపు, గొడుగు పట్టినట్టు చేరతాయి.

ఆ గొడుగు ఎంత ఆపుతుందో 1979లో అమెరికాలో కొలిచారు. నల్లజాతివారి పైచర్మం దాటి కిందికి దిగిన యూవీబీ సుమారు 7 శాతం, తెల్లజాతివారిలో 24 శాతం. సన్‌స్క్రీన్ డబ్బా మీద రాసే ఎస్‌పీఎఫ్ లెక్కలో చెబితే మొదటిది సుమారు 13, రెండోది సుమారు 3. మనలో ఎక్కువమంది ఈ రెంటికీ మధ్య ఉంటాం. పుట్టుకతో వచ్చిన ఈ రక్షణ చిన్నది కాదు. మన దగ్గర చర్మ క్యాన్సర్లు తక్కువ కావడానికి ముఖ్య కారణం అదే. అయితే రక్షణ ఉండడం వేరు, చెక్కుచెదరని కవచం ఉండడం వేరు. యూవీఏ ఇంకా లోతుకి దిగుతుంది. రంగు లేకుండా పుట్టిన పిల్లలకి, బొల్లి మచ్చలున్నవారికి ఆ గొడుగు అసలే లేదు. ఒకే కుటుంబంలో ఉన్నా వాళ్లకి ఒకటో రకం జాగ్రత్తలు కావాలి. ఇంకో సంగతి. ముదురు చర్మంలో మెలనోమా వస్తే ఎక్కువగా అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద వస్తుంది, దానికి ఎండతో సంబంధం కనిపించదు. గాయకుడు బాబ్ మార్లీ 1981లో చనిపోయింది కాలి వేలి గోటి కింద మొదలైన మెలనోమాతోనే. అరికాల్లో కొత్తగా వచ్చి పెరుగుతున్న నల్ల మచ్చని పుట్టుమచ్చ అని వదిలెయ్యకూడదు.

మన ఎండకి వస్తే, ఫిట్జ్‌పాట్రిక్ ప్రశ్న 20 నుంచి 45 డిగ్రీల ఉత్తర అక్షాంశాల్ని ఉద్దేశించింది. తెలుగు నేల దాదాపు మొత్తం 20 డిగ్రీలకి కిందే ఉంది. ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మనకి నలుపు పూర్తిగా దిగిపోయేంత చలికాలం లేదు కనక, మొదటి ఎండ అన్న మాట కొందరికే వర్తిస్తుంది. నెలల తరబడి ఏసీ గదుల్లో పనిచేసి ఒక్కసారిగా భీమిలి ఇసుకలోనో సూర్యలంకలోనో మధ్యాహ్నమంతా గడిపినవాళ్లని అడిగితే సరైన జవాబు వస్తుంది. మర్నాడు భుజాలు మండాయా, వారానికి ఏం మిగిలింది అని. అందులోంచే మీ రకం తెలుసుకోండి, అద్దంలోంచి కాదు.

ఎండని కూడా కనిపించేదాన్ని బట్టి కొలిచే అలవాటు మనకుంది. వేడిగా ఉంటే ప్రమాదం, చల్లగా ఉంటే ఫరవాలేదు అనుకుంటాం. వేడి వడదెబ్బ కొడుతుంది, చర్మాన్ని కాల్చేది అతినీలలోహితం. ఈ రెండింటి వేళలు వేరు. మే నెలలో హైదరాబాదులో సూర్యుడు నెత్తి మీదికి వచ్చేది దాదాపు 12 గంటల 12 నిమిషాలకి, విశాఖలో 12కి కొంచెం ముందే. యూవీ శిఖరం అప్పుడు. వేడి శిఖరం రెండు, మూడు గంటలు ఆగి వస్తుంది. పదకొండున్నరకి ఇంకా ఎండ ముదరలేదులే అని బయల్దేరినవాళ్లు యూవీ లెక్కలో రోజు మొత్తంలో గట్టి వేళకే ఎదురు వెళుతున్నారు. లంబసింగి చలిలోనూ, విశాఖ గాలిలోనూ చర్మానికి హెచ్చరిక అందదు, కిరణాలు మాత్రం అందుతాయి.

వాతావరణం యాప్‌లో కనిపించే యూవీ ఇండెక్స్‌ని చూడడం మంచి అలవాటు. 3కి చేరితే రక్షణ కావాలి. మన వేసవి మధ్యాహ్నాల్లో అది 11 దాటుతుంది, డిసెంబరు మధ్యాహ్నం కూడా 3కి పైనే. ఫోన్ లేకపోతే నీడ చూడండి. మీ నీడ మీకంటే పొట్టిగా ఉంటే సూర్యుడు 45 డిగ్రీల పైనున్నట్టు, కిరణాలు గట్టిగా ఉన్నట్టు. ఇది కూడా ఫిట్జ్‌పాట్రిక్ పట్టిక లాంటి పనితనమే, పరికరం లేకుండా కొలత చెబుతుంది.

ఆ వేళల్లో గోడ నీడ, నిండు చేతుల చొక్కా, దగ్గరి నేత బట్ట, అంచు వెడల్పు టోపీ, గొడుగు మన చర్మానికి మొదటి మందులు. మిర్చి ఏరే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకునేది ఏ పట్టికా చదివి కాదు, ఆ పని పూర్తిగా సరైన పని. కారు కిటికీ అద్దం యూవీబీని ఆపుతుంది, యూవీఏని చాలావరకు వదిలేస్తుంది. గంటల తరబడి డ్రైవింగ్ చేసేవాళ్ల కుడిచెయ్యి ఎడమదాని కంటే నల్లబడేది అందుకే. సన్‌స్క్రీన్ విషయంలో జనం చేసే పొదుపే నష్టం. ఎస్‌పీఎఫ్ కొలిచేది చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున పూసి. ముఖానికీ మెడకీ కలిపి చూపుడు వేలు, మధ్య వేలు పొడుగునా పిండిన గీతలంత కావాలి, బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. బఠాణీ గింజంత రాసుకుంటే డబ్బా మీద ఉన్న 50 ముఖం మీదికి రాదు.

మన రకాల చర్మానికి ఇంకో సంగతి ముఖ్యం. 2010లో వచ్చిన ఒక పరిశోధన, కంటికి కనిపించే మామూలు వెలుతురు కూడా నాలుగు నుంచి ఆరు రకాల చర్మాన్ని నల్లబరుస్తుందనీ, ఆ నలుపు వారాల తరబడి ఉంటుందనీ చూపించింది. రెండో రకం చర్మంలో అది జరగలేదు. మంగు మచ్చలున్నవాళ్లకి మామూలు సన్‌స్క్రీన్ సరిపోకపోవడానికి ఇదొక కారణం. అది యూవీని ఆపుతుంది, వెలుతురుని ఆపదు. ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేత గోధుమరంగు సన్‌స్క్రీన్ వెలుతురుని కూడా కొంత ఆపుతుంది. రంగు అంటితే పౌడరులా కనిపిస్తుందని మొహమాటపడేవాళ్లకి చెప్పాల్సింది ఇదే, పనిచేసేది ఆ రంగే.

ఇన్ని తెలిశాక ఫిట్జ్‌పాట్రిక్ పట్టికకి మన కోసం మూడో ప్రశ్న ఒకటి చేర్చాలనిపిస్తుంది, ఆయన పద్ధతిలోనే. ఇరవై నాలుగు గంటల తర్వాత నొప్పి ఎంత, ఏడు రోజుల తర్వాత నలుపు ఎంత అని అడిగాక, మూడు నెలల తర్వాత మచ్చ ఉందా అని అడగాలి. ఎండకి కమిలినా, మొటిమ మానినా, దోమ కుట్టిన చోట గీరుకున్నా ఆ గుర్తు మూడు నెలలకీ పోని చర్మం ఒక రకం, పోయే చర్మం ఇంకో రకం. మనలో చాలామందికి ఎండ తెచ్చే ఇబ్బంది కాలడం కంటే ఈ మచ్చే. డాక్టర్లు ఈ సంగతి విడిగా కనుక్కుంటూనే ఉంటారు, అది గడిలోకి ఎక్కితే లేజరుకీ, పీలింగుకీ ముందు అందరూ అడిగి తీరతారు.

మచ్చ ఉంటుంది అన్న జవాబు మీదైతే లేతరంగు సన్‌స్క్రీన్ వాడండి, మధ్యాహ్నం గొడుగు పట్టండి, పార్లర్లో ముఖం తోమించుకోవడం మానండి. మచ్చ కోసం మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబు ఇంట్లో ఉంటే దాని వెనక చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ అన్న పేర్లలో ఏదైనా కనిపిస్తే అది స్టెరాయిడ్. మొదట్లో తెల్లబరిచి, నెలలు తిరిగేసరికి చర్మాన్ని పల్చబరుస్తుంది, ఎర్రటి సన్నని నరాలు తేలుస్తుంది, ఎండకి అసలే నిలవకుండా చేస్తుంది. కొంతకాలంగా రాస్తూ ఉంటే ఒక్కసారిగా ఆపితే ముఖం మండిపోతుంది, కాబట్టి ఆ ట్యూబుని చేతిలో పట్టుకునే చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి.